ఒంటి రంగు బట్ట

పొద్దున ఎనిమిదిన్నర. మబ్బు లేదు, గాలి లేదు, అప్పుడే ఎండ గడప దాటి లోపలికొచ్చింది. ఇంత పొద్దున్నే చీర డబ్బా పట్టుకొని, మైలార్‌దేవ్‌పల్లి గల్లీలల్ల మా ఇల్లు అడుక్కుంట వచ్చిండ్రు. సంతోషం. గని ఆ డబ్బా నా చేతికియ్యకుండ్రి మేడం. ఆ కుర్చీల పెట్టుండ్రి. లేకుంటే మీ ఒళ్ళోనే ఉంచుకోండ్రి.

జర మెల్లగ మాట్లాడుండ్రి. మా అత్త లోపల పండుకుంది. పండుకున్నదో, కండ్లు మూసుకున్నదో, నాకు తెల్వదు. నిన్న మాపటి నుంచి గోడ దిక్కు మర్లి ఉంది. అరికాళ్ళు రెండు బొబ్బలు. మందు నేను పూయబోతే కాళ్ళు ముడుచుకుంది. మా బిడ్డ పూస్తే పూయించుకుంది.

నీళ్ళు తాగుతరా? వద్దా. సరే.

మీరు అడిగింది నాకు అర్థమయింది. మళ్ళ చెప్పే పని లేదు. నిన్న శంషాబాద్‌ల, మీ అమ్మాయి పసుపు ఫంక్షన్‌ల, మా అత్తను తీసిన వీడియో ఎవరో ఫోన్లల్ల పెట్టిండ్రు. మంది చూసిండ్రు. కింద తిట్లు రాస్తున్నరు. పిల్లగాని తరఫోళ్ళు మా పరువు పోయిందంటున్నరు. ఎల్లుండి పెండ్లి. అందుకని నేను మీ ఫోను ముందర కూసొని ఒక్క ముక్క చెప్పాలె. మా అత్త ఇష్టపడే ఆ బట్టలు కట్టుకుంది, మమ్మల్ని మంచిగ చూసుకున్నరు, అని.

అంతే కద? అంతే అంటున్నరు.

'ప్రేమలత గారూ' అని పిలిచిండ్రు గడప కాడ. నిన్నటి దాక నేను 'వడ్డించే ఆమె'ను. 'గారు' ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. రానీయుండ్రి, తప్పేంది.

మీ చీర చూస్తున్న, ఏమనుకోకుండ్రి. నిన్న జరీ అంచు పట్టు, మెడ నిండ కెంపులు. ఇవ్వాళ నేత చీర, చెవులకు చిన్న పోగులు, చేతికి ఒక్క గాజు. అద్దం ముందర నిలబడి ఆలోచించే ఉంటరు, గసొంటి ఇంటికి పోతున్నం, ఏది కట్టుకుంటే బాగుంటది అని. అది తప్పంటలేను. మాది గూడ అదే బతుకు. మీ ఫంక్షన్‌లకు వచ్చేటప్పుడు మేము గూడ అద్దం చూసుకుంటం. మరీ మంచిది కట్టుకుంటే, వడ్డించేదానికి ఇంత సోకా అంటరు. మరీ పాతది కట్టుకుంటే గేటు కాడనే ఆపుతరు. తిండి మన కోసం, కట్టు మంది కోసం అంటరు మా దిక్కు.

నాకు చెయ్యి చూస్తే ఓకరింపు వస్తున్నది మేడం. నా చెయ్యే నాకు. నిన్నటి నుంచి సబ్బు పెట్టి కడుగుతనే ఉన్న. అది ఎందుకో చెప్త. వచ్చిండ్రు కాబట్టి కూసోండ్రి.

మీ దిక్కు నుంచి మృదుల అనే పిల్ల ఫోన్ చేసింది. ఫంక్షన్‌కు అలంకరణ అంత ఆ పిల్లదే అని చెప్పింది. మాట మంచిగుంటది ఆ పిల్లది, ప్రతి మాటకు 'అండీ'. వడ్డనకు మా ఆడోళ్ళు కావాలన్నది. పాతకాలం పల్లె లెక్క సెట్టింగ్ అన్నది. గుడిసెలు, ఎడ్లబండి, పొయ్యి మీద జొన్నరొట్టెలు. సరే అన్న. ఇసొంటివి ఇప్పుడు చానా అయితున్నై. ఒకరింట్ల రాజుల కాలం పెడతరు, ఒకరింట్ల సముద్రం ఒడ్డు పెడతరు. మాకేంది, వడ్డన వడ్డనే.

చివరికి ఇంకో మాట అడిగింది. పసుపు దంచడానికి ఒక పెద్దామె ఉంటే తీసుకొస్తారా అండీ, చేతుల మీద పచ్చబొట్లు ఉంటే ఇంకా బాగుంటుంది, అని.

మా దిక్కు పసుపు దంచుడు అంటే ఏందో మీకు తెలుసో లేదో. పెండ్లి పనులు దానితోనే మొదలైతై. రోట్ల కొమ్ములు పోసి, రోకలికి కంకణం గట్టి, ఇంటి పెద్దామె మొదటి పోటు వేస్తది. ఆమె చెయ్యి పడినంకనే కడమోళ్ళు అందుకుంటరు. ఆ చెయ్యి ముత్తైదువ చెయ్యి కావాలె. మా మామ ఐలయ్య పోయి చానా ఏండ్లు అయింది. అప్పటి నుంచి మా అత్తను ఎవరు పిలువలే. మా సొంతోళ్ళ పెండ్లిళ్ళల్ల గూడ గోడకు ఆనుకొని కూసొని చూసేది.

నేను అదే అనుకున్న. పట్నపోళ్ళు, చదువుకున్నోళ్ళు, విధవ ముత్తైదువ అని చూడరు, పెద్దరికం చూస్తున్నరు అనుకున్న. ఇంటికి పోయి చెప్పిన. నిన్ను పసుపు దంచుటానికి పిలిచిండ్రు అత్తా, అన్న.

ఎనభై దాటిన మనిషి. పిల్ల లెక్క అయింది. నిజంగనే పిలిచిండ్రా, నా సంగతి చెప్పినవా అని మళ్ళ మళ్ళ అడిగింది. పెట్టెల నుంచి నారాయణపేట చీర తీసింది. దానికి రవిక ఉతికి, మడత పెట్టి, తలాపున పెట్టుకొని పండుకుంది.

అది నా బుద్ధి తక్కువ. మీరు పిలిచింది చేతిని కాదు, చేతి మీది పచ్చబొట్టును. నాకు సమజ్ గాలే.

ఆ రవిక సంగతి చెప్పాలె మీకు. చెప్పకుంటే ఇదంత ఏదో ముసలామె అలిగిపోయినట్టు అనుకుంటరు. మీ ఇంట్ల అట్లనే అనుకుంటున్నరు కద? చూసిన, మీ మొఖం చెప్తున్నది.

మా అత్త పేరు ఈరమ్మ. ఆమె చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళె మా అసొంటి ఆడోళ్ళకు రవిక లేదు. కొంగే రవిక. మొగోళ్ళ పంచె మోకాలు దాటొద్దు. దొర ఉండే గడి ముందర నుంచి పోతే చెప్పులు చేతుల్లకు రావాలె, తల రుమాలు నడుముకు రావాలె. బట్టను చూస్తే చాలు, ఎవడు ఎవడో తెల్వాలె దొరకు. నోరు తెరిచి అడిగే పని ఉండొద్దు.

మా అత్త తల్లి ఎట్లనో ఒక ఎర్రగుడ్డ సంపాయించింది. శంషాబాద్ బజార్ల ఒక సాయబు దర్జీ ఉంటే ఆయనతోని రవిక కుట్టించుకుంది. అది తొడుక్కొని ఒక పెండ్లిల పసుపు దంచుటానికి పోయింది. పక్కన ఈమె, కొంగు పట్టుకొని. మళ్ళొస్తుంటే గడి కాడ ఆపిండ్రు. ఎవనికి చూపియ్యాలె ఈ సింగారం అని అడిగిండ్రు. అక్కడనే విప్పించిండ్రు. మంది చూస్తుండంగ. బిడ్డ చూస్తుండంగ.

తర్వాత దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్ళు వచ్చిండ్రు, దొర రాత్రికి రాత్రి పట్నం పారిపోయిండు. తెల్లారి ఆ తల్లి అదే ఎర్ర రవిక తొడుక్కొని, చంకల బిడ్డను ఎత్తుకొని, గడి ముందర నుంచే నీళ్ళకు పోయిందట. గడి కూలింది బిడ్డా, ఇగ విప్పుమనేటోడు లేడు అని చెప్పిందట. గోడలు అట్లనే ఉన్నై అప్పటికి. గని కూలిందనే చెప్పింది.

అందుకే మా అత్త ఒంటి మీద రవిక లేని పూట నేను చూడలే. మోచేతుల దాక చేతులు, గొంతు దాక మూసిన మెడ. ఎండకాలం గూడ అంతే. దవాఖానల సూది ఇయ్యాలంటే చెయ్యి పైకి మడుస్తది గని విప్పది. నర్సమ్మలతోని నేను బతిమాలుకునేది. నాకు అప్పుడు చికాకు. ఇంత పంతం ఏందో ఈ ముసలామెకు అనుకునేది.

మా మామది ఇంకో తమాష. ఆయన చెప్పులు విడువడు. గుడి తప్పితే ఎక్కడ విడువడు. బ్యాంకుల, ఆఫీసుల, చుట్టాలిండ్లల్ల గూడ లోపల దాక చెప్పులతోనే. పండుకుంటే తలాపున పెట్టుకునేటోడు. చుట్టాలు నవ్వేటోళ్ళు, ఐలయ్య చెప్పులతోనే పుట్టిండు అని. గాయన చెప్పులు లేకుండ నడిచిందే ఎక్కువ అని నవ్వేటోళ్ళకు తెల్వదు.

నేను నైటీ మీద తువ్వాల వేసుకొని పాల ప్యాకెట్‌కు పోతే మా అత్త, దుప్పటికి చేతులు కుట్టిచ్చుకున్నవా అన్నది. నా బిడ్డ అఖిల జీన్సు కొనుక్కుంటే నేను లొల్లి చేసిన. ఆమె నన్నే తిట్టింది. మడమల దాక వస్తున్నది కద, నీకేం తక్కువయింది అన్నది. మోకాళ్ళ కాడ చినిగిన జీన్సు తెస్తే మాత్రం ఊకోలే. మొత్తం బట్ట కొని, చింపిస్తరా వీళ్ళు అని రెండు రోజులు గులిగింది. సూది దారం పట్టుకొని కూసుంది, కుట్టి ఇస్తనని.

అఖిల ఎయిర్‌పోర్టుల పని చేస్తది. నడవలేనోళ్ళను కుర్చీల కూసోబెట్టి విమానం దాక తోలుకపోతది. నీలం కోటు, మెడకు రుమాలు, ఎద మీద పేరు. మొదటి రోజు ఆ కోటు గుండీలు మా అత్తనే పెట్టింది. ఒక్కొక్కటి పెట్టుకుంట, మెడ దాక ఉన్నై, మంచిగున్నై అన్నది.

అసొంటి మనిషిని నిన్న మీ కాడికి తెచ్చిన.

ఎండ నెత్తి మీద ఉంది. మేము వ్యాన్ దిగుడు దిగుడే చెప్పులు విడువమన్నరు. సెట్టింగ్‌ల ప్లాస్టిక్ చెప్పులు కనబడొద్దంట. విడిచినం. ఒక సంచిల వేసి ఎక్కడనో పెట్టిండ్రు. కింద సిమెంటు, పెనం లెక్క. మాతోని వడ్డించే పూర్ణిమ, రొట్టెలు పొయ్యి మీద ఎందుకక్కా, గీడనే కాల్చొచ్చు అన్నది. నవ్వినం. ఆ పిల్లకు అన్నిటికి ఒక మాట ఉంటది.

తర్వాత బట్టలు ఇచ్చిండ్రు. ముతకవి, అక్కడక్కడ కావాలనే మట్టి రంగు పూసినవి. చీర మోకాళ్ళ కింది దాక, గోచి పోసి కట్టుకోవాలె. రవిక లేదు. దానికి బదులు ఒంటికి అంటుకునే బనీను లెక్కది ఒకటి. ఒంటి రంగుదండీ, వేసుకుంటే వేసుకోనట్టే కనబడుతుంది అన్నది మృదుల.

ఒంటి రంగు అంటే ఎవరి ఒంటి రంగు మేడం? పాలల్ల జర టీ పోసినట్టు ఉంది అది. మీ ఒంటి రంగు. మా చేతులు నలుపు, భుజాలు నలుపు, నడుమ అది కట్టు కట్టినట్టు తెల్లగ. పూర్ణిమ చూసుకొని, కాలిందా అక్కా నాకు, పట్టీ వేసిండ్రు అన్నది. అప్పుడు ఎవరం నవ్వలే. ఆ పిల్ల మృదుల పాపం నొచ్చుకుంది. ఒక్కటే షేడ్ దొరికిందండీ అన్నది.

వేసుకున్నం. మేము వేసుకున్నం, అది నిజం. సీజన్ పని. ఒకరు కాదంటే అందరం వాపసు పోవాలె. మీ దగ్గర కాదంటే ఈ దారి మీద ఉన్న హాళ్ళు అన్ని కాదంటై. అందరు ఒకళ్ళకొకళ్ళు ఎరుకైనోళ్ళే.

మా అత్త అప్పటి దాక ఒక మూలకు నిలబడి ఉంది. నారాయణపేట చీర, మోచేతుల రవిక. చేతుల నా సంచి. రోలు ఎక్కడుందని చూస్తున్నది. మృదుల ఆమె దగ్గరికి పోయి, పెద్దమ్మ గారూ, మీరు కూడా రవిక తీసేసి ఇది వేసుకోవాలండి అన్నది. గౌరవంగనే అన్నది. మా అత్తకు అర్థం కాలే. నా దిక్కు చూసింది.

నేను చెప్పాల్సింది. ఆమె వేసుకోదు, ఆమెను ఒదిలిపెట్టుండ్రి అనాల్సింది. నోటి దాక వచ్చింది. కెమెరా ఆయన తొందర పెడుతున్నడు. పసుపు టైం అయితున్నది. మా ఆడోళ్ళందరు నా మొఖం చూస్తున్నరు.

నా చేతులతోనే విప్పిన.

మృదుల విప్పలే, మీరు విప్పలే. నేను. హుక్కులు ముందర ఉంటై ఆమెవి, కింది నుంచి పైకి విప్పిన. ఆమె కాదనలే, చెయ్యి పట్టుకోలే. కొంగు పళ్ళతోని పట్టుకొని నిలబడ్డది. ఎముకలు తేలిన ఒళ్ళు. ఇన్నేండ్లు ఒక్క ఇంట్ల ఉన్న, ఆ ఒళ్ళు నేను చూసింది నిన్ననే. అంత అయినంక మెల్లగ, నాకొక్కదానికి వినబడేటట్టు ఒక్క మాట అన్నది.

"గడి కూలిందన్నరు గదనే."

ఆ తెల్ల బనీను నెత్తి మీద నుంచి తొడిగిన. ఆమె మీద అది వదులై జారుతున్నది. పిన్నులు పెట్టిన.

ఏడుస్తలేను. మీరు కండ్లు తుడుచుకుంటున్నరు గని, నేను ఏడుస్తలేను. నాకు రోత వుడుతున్నది, అంతే.

రోటి కాడ కూసోబెట్టిండ్రు. రోట్ల కొమ్ములు లేవు. పొడి ముందే తెచ్చి పోసిండ్రు, వట్టిగ రోకలి పట్టుకొని కూసోవాలె. కంకణం లేదు, పాట లేదు. నేను అప్పటికి పొయ్యి కాడికి పోయిన. పొగల నుంచి కనబడ్డంత చూసిన.

మీ అల్లుడు, చైతన్య అన్నరు కద పేరు, తలపాగ, జరీ కోటు, పెట్టుడు మీసం. ఎత్తు కుర్చీ. ఆయన దోస్తులు గూడ అట్లనే. మీరే చూడుండ్రి మేడం, పాతకాలం అంటిరి. మీ కాడికి వచ్చిన మందిల ఒక్కరన్న గోచి పెట్టుకున్నరా? ఒక్క ఆడామె అన్న రవిక విప్పిందా? అందరు దొరలే, అందరు దొరసాండ్లే. పాతకాలంల పాలేరు అయ్యేటోడు మీల ఒక్కడు దొరకలే. అందుకే మమ్మల్ని కిరాయికి తెచ్చుకున్నరు.

కుర్చీల ఆయన, కింద ఈమె. ఫొటోలు అయినై. అప్పుడు ఒక దోస్తు ఫోను పట్టుకొని, అవ్వా, బాంచన్ దొరా అను, ఒక్కసారి అను అన్నడు. గడి ముందర మావోళ్ళు వంగి, నీ బానిసను అని చెప్పుకునే మాట అది. నవ్వుకుంటనే అన్నడు. మీ అల్లుడు గూడ నవ్విండు, మీసం ఊడుతుంటే పట్టుకొని. వీడియోల ఉన్నది అదే కద. ఆమె ఆ పిల్లల మొఖం చూసింది. రోకలి కింద పెట్టింది. లేచింది.

ఎవరు ఆపలే. గేటు కాడ ఆయన గూడ ఆపలే. అడిగితే, సెట్టింగ్‌ల ఆర్టిస్టు అనుకున్న, చాయ తాగుటానికి పోతుందనుకున్న అన్నడు. చెప్పులు సంచిల ఉన్నై. ఆమె డబ్బులు, ఆధార్ కార్డు, అన్ని నా కాడ సంచిల. ఒంటి మీద ఆ గుడ్డలు. అంతే.

నాకు తెలిసేసరికి చానా సేపయింది. రొట్టెలు ఒకదాని మీద ఒకటి అడుగుతున్నరు మీవోళ్ళు. పూర్ణిమ వచ్చి రోటి కాడ అవ్వ లేదక్కా అన్నది.

గేటు కాడికి ఉరికిన. కెమెరాల చూపియ్యమన్న, ఏ దిక్కు పోయిందో. ఆ సెక్యూరిటీ ఆయన నన్ను కింది నుంచి మీది దాక చూసిండు. ఆ చీర, ఆ బనీను, ఉత్త కాళ్ళు. లోపలికి పోమ్మా, సార్లు తిడతరు అన్నడు. మా అత్త అన్న, కోడల్ని అన్న. ఆయన చెవికి ఎక్కలే. నా మాట గూడ సెట్టింగ్ లెక్కనే అనిపించిందేమో.

అఖిలకు ఫోన్ చేసిన. డ్యూటీల ఉంది, అట్లనే వచ్చింది. నీలం కోటు, ఎద మీద పేరు. బండి దిగుడు దిగుడే ఆ సెక్యూరిటీ ఆయన కుర్చీల నుంచి లేచి నిలబడ్డడు. చెప్పండి మేడం అన్నడు. నేను ఎంత మొత్తుకున్నా కాని పని, అఖిల నోరు తెరువకముందే అయింది. కెమెరా చూపిచ్చిండు, నీళ్ళు గూడ తెచ్చిండు. నా బిడ్డ నన్ను చూసింది అప్పుడు. ఏం వేసుకున్నవ్ అమ్మా ఇది అన్నది. కోటు విప్పి నా మీద కప్పింది. అది విప్పుతుంటే ఆ మనిషి మొఖంల మర్యాద గూడ సగం జారింది, నేను చూసిన.

మా అత్త పెద్దరోడ్డు దిక్కు పోయినట్టు కనబడ్డది. పైసలు లేకుండనే షేర్ ఆటో ఎక్కినట్టు ఉంది. తర్వాత ఏమయిందో ఆమె చెప్పలే, బాలమల్లు చెప్పిండు.

బాలమల్లు మా ఊరోడే. ఆరాంఘర్‌ల ఆటో నడుపుతడు. అక్కడ వంతెన కింద మంది నడిచే జాగల ఒక ముసలామె కూసొని ఉంటే, ఎవరో బిచ్చపామె అనుకొని దాటిపోయిండట. మళ్ళ ఎందుకో పచ్చబొట్టు గుర్తుకొచ్చి వెనకకు మర్లిండట. ముంజేతి మీద తేలు బొమ్మ, మా ఊళ్ళె ఆ తరం ఆడోళ్ళది. దగ్గరికి పోయి చూస్తే ఈరమ్మ పెద్దమ్మ.

ఆమె ముందర చిల్లర పడి ఉందట, మేడం. ఒడిల, కొంగు మీద. వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు వేసిండ్రు. ఆమె అడుగలే. చెయ్యి చాపలే. ఇంటికి పోయే ఆటో కోసం చూసుకుంట కూసుంది. బట్టను చూసి వేసిండ్రు.

పుట్టి బుద్ధెరిగి ఒకళ్ళ ముందర చెయ్యి చాపని మనిషి. పొద్దున అదే మనిషి నారాయణపేట చీర కట్టుకొని వ్యాన్ ఎక్కుతుంటే, మా గల్లీల పిల్లలు అవ్వా పెండ్లికా అని అడిగిండ్రు. వ్యాన్ డ్రైవర్ ముందర సీటు ఇచ్చిండు. పొద్దు వాలేటప్పటికి బిచ్చం వేసిండ్రు. మనిషి మారలే. ఎముక మారలే.

బాలమల్లు తన ఖాకీ అంగి విప్పి ఆమెకు తొడిగిండట. గుండీలు ఆమెనే పెట్టుకుందట, మెడ దాక. అప్పుడు లేచి ఆటో ఎక్కింది.

ఏమంటున్నరు? మృదులను పనిల నుంచి తీసేసిండ్రా? ఆ పిల్లది ఏం తప్పు మేడం. సెట్టింగ్ బొమ్మలు, బట్టల బొమ్మలు ముందే మీకు చూపిచ్చింది, మీరు మంచిగున్నై అన్నరు. అది చేసింది. తీసేసేటప్పుడు చిన్నోళ్ళే దొరుకుతరు ఎప్పుడైన.

మీ అమ్మమ్మ గూడ గిట్లనే ఉండెనా?

చెప్పుండ్రి, వింటున్న.

తెల్లచీర. రవిక లేదు. మొగడు పోయినంక గదిల మూలకు. శుభకార్యాల కాడికి రానియ్యరు. మీరు చిన్నప్పుడు ఆ మూలకు పోయి పక్కన పండుకునేటోళ్ళు. చలికి వణుకుతుంటే మీ ఫ్రాకు తీసి ఆమె భుజాల మీద కప్పిండ్రు, మీ అమ్మ కొట్టింది.

మ్.

ఇది నాకు తెల్వదు. మీ ఇండ్లల్ల గూడ గిట్ల ఉండెనని ఎవరు చెప్పలే. చెప్పరు కద. మీ కోనసీమ అంటే కొబ్బరిచెట్లు, పట్టుచీరలే చెప్తరు.

మరి ఆమెను ఎందుకు పెట్టలేదు మేడం నిన్న సెట్టింగ్‌ల? అది గూడ పాతకాలమే. ఒక గది, ఒక మూల, తెల్లచీరల ఒక ముసలామె. మీ అల్లుడి దోస్తులు పక్కన కూసొని ఫొటో దిగేటోళ్ళు. పెట్టలేదు. రోత వుడుతది కద? ఇప్పుడు వుడుతున్నది కద? గదే. గదే నాకు నిన్నటి నుంచి.

నేను మిమ్మల్ని బాధ పెట్టాలని అనలే. మీ అమ్మమ్మ మీకు మనిషి. మా అత్త మీకు పచ్చబొట్టు. అంతే తేడా, అంతకు మించి నాకు చెప్పరాదు.

సరే. ఫోను తీయుండ్రి. చెప్త అన్న కద. వెనుక ఆ బట్టల దండెం కనబడొద్దా? కనబడనీయుండ్రి, మా బట్టలే. మొదలు పెట్టనా?

"నా పేరు ప్రేమలత. నిన్న ఆ వీడియోల ఉన్నామె మా అత్త, ఈరమ్మ. పసుపు దంచుటానికి పిలిచిండ్రనుకొని మంచి చీర, మంచి రవిక కట్టుకొని వచ్చింది. రవిక విప్పుమంటే ఆమె ఇష్టపడలే. ఆమెను ఎవరు అడుగలే. విప్పింది నేను. నా పని పోతదని విప్పిన. పెండ్లి పిల్లగాడా, నీ మీద నాకు కోపం లేదు. ఎల్లుండి నీ పెండ్లి. నీ పెండ్లాం ఏం కట్టుకోవాల్నో, ఏం విప్పాల్నో..."

ఎందుకు ఆపిండ్రు మేడం?

మీరు అడిగిన మాట ఇదే. ఇష్టపడిందా లేదా అని అడిగిండ్రు. చెప్తున్న.

పెట్టుకోండ్రి ఫోను సంచిల. నాకు తెలుసు, ఆ వీడియో ఎక్కడ పెట్టరని. పెడితే పెండ్లి ఆగుతది. మీ బిడ్డ పెండ్లి ఆగాలని నాకు లేదు. ఆ పిల్ల నిన్న ఒక్కతే వచ్చి, అవ్వ అన్నం తిన్నదా అని అడిగింది. తిన్నది అని చెప్పిన, అబద్ధం. గని మా అత్త ఇష్టపడ్డదని మాత్రం నా నోట రాదు. చేతులు చేసింది చేసినై. నోరన్న మిగలనీయుండ్రి.

ఇగ పని గురించి అంటున్నరా. పిలువరు, నాకు తెలుసు. మీరు పిలిచినా నేను వస్తనని ఏం లేదు, రానని గూడ ఏం లేదు. మా ఆయన నాతోని మాట్లాడుతలేడు. పొద్దున తల్లి గది ముందర కూసొని చాయ తాగి, గ్లాసు నాకియ్యకుండ తనే కడుక్కొని పోయిండు. పెండ్లయినప్పటి నుంచి గ్లాసు కడిగినోడు కాదు.

డబ్బా మర్చిపోతున్నరు. ఆఁ, చూసిన, మంచి చీరనే. లోపల రవిక గుడ్డ గూడ పెట్టిండ్రు.

మా దిక్కు బట్టలు పెట్టుడు అంటే కుర్చీల పెట్టి పోవుడు కాదు. మనిషికి ఎదురుంగ కూసోవాలె. పెద్దామె ఒడిల పెట్టి, కాళ్ళు మొక్కాలె. ఆమె ముట్టుకుంటే తీసుకున్నట్టు. ముట్టుకోకుంటే మనం అక్కడనే కూసోవాలె, ముట్టుకునేదాక. పొద్దు గూకినా సరే. ఆమె లోపల ఉంది. తలుపు దగ్గరికి వేసి ఉంది, గడియ లేదు. పోతరా?

ఫంక్షన్ హాల్‌కు టైం అయితున్నదా. అవును, మెహందీ ఉండె ఇవ్వాళ. మరి పోయిరాండ్రి. డబ్బా తీసుకపోండ్రి.

నేను గూడ పోలే మేడం లోపలికి, మందు పూయబోయినంక. మిమ్మల్ని అనేటందుకు నాకేం హక్కుంది.

నిన్న మాపటికి గీ గడప మీదనే నిలబడి చూసుకున్న, ఎవరెవరు వచ్చిండ్రని. పూర్ణిమ వచ్చింది, కుంటుకుంట, పక్కింటోళ్ళకు ఏదో జోకు చెప్పుకుంట. కడమ ఆడోళ్ళు వాళ్ళ వాళ్ళ ఇండ్లు చేరినమని ఫోన్లు చేసిండ్రు. అఖిల వచ్చింది, చీకటి పడకముందే. మా అత్త వచ్చింది, బాలమల్లు అంగి తోని. అందరు క్షేమంగనే వచ్చిండ్రు.

నేను గూడ వచ్చిన. వచ్చినట్టే లెక్క.